పిల్లల వినోదము: క్రిస్మసు క్రొవ్వొత్తి



డిసెంబరు నెల వచ్చినది. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములందు క్రైస్తవుల యిండ్లముందర కాగితపు నక్షత్రములు వ్రేలాడు దినములివి. 1876–78 నాటి గొప్ప కరవు తరువాత ఒంగోలు బాప్టిస్టు మిషను ఈ వైపునకు విస్తరించినది. నాటినుండి ఈ పండుగ ఇచ్చటి పల్లెల పండుగయే. పండుగకు కొన్న క్రొవ్వొత్తులలో రెండు మిగిలిన, పారవేయకుడు. వానితో పిల్లలకు ఒక సాయంకాలము వినోదమును జ్ఞానమును గూడ సమకూర్పవచ్చును.

ఇది క్రొత్త సంగతి కాదు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనువారు 1825లో క్రిస్మసు ఉపన్యాసములు ఆరంభించిరి. కమ్మరివాని కుమారుడై పుట్టి, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చి, పిదప మహాశాస్త్రజ్ఞుడైన మైకేలు ఫారడే, 1860 క్రిస్మసునకు పిల్లలయెదుట ఒక్క క్రొవ్వొత్తిని గూర్చియే ఆరు ఉపన్యాసములు చేసెను.

మనకు ఒక్కటే నియమము. ప్రతి పరీక్షకు ముందు ఏమి జరుగునో పిల్లలు పలకమీద వ్రాయవలెను. పలకలకు పేరుపడిన మార్కాపురము మన యూరై యుండగా పలకకు కొరతయేమి? దీపము వెలిగించుట మాత్రము పెద్దల పని. పిల్లల జడలు, పైటలు మంటకు దూరముగా నుండవలెను.

మొదటిది తిరుగుడు కాగితము. గుండ్రని కాగితమును అంచునుండి నడుమకు, చుట్ట చుట్టుకొనిన పామువలె కత్తిరించి, నడుమ దారము కట్టి, దీపమునకు జానెడు పైన వ్రేలాడదీయుడు. అది తనంతట తిరుగును. వేడెక్కిన గాలి తేలికయై పైకిపోవుచు కాగితపు వాలును త్రోయుటయే కారణము.

రెండవది. పళ్లెములో అంగుళమంత నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తిని నిలిపి వెలిగించి, గాజుగ్లాసు బోర్లింపుడు. మంట ఆరును, నీరు గ్లాసులోనికి ఎక్కును. మా యింట ఇది చూచి, “ప్రాణవాయువు తరిగినది, ఆ చోటికి నీరు వచ్చినది” అని నేను వెంటనే చెప్పివేసితిని. మా చిన్నది ఊరకుండక, “అట్లయిన రెండు క్రొవ్వొత్తులు పెట్టినను నీరు అంతే రావలెను గదా అమ్మా?” అనెను. పెట్టి చూచితిమి. నీరు మరింత పైకెక్కినది! వేడికి గాలి వ్యాకోచించి కొంత బుడగలై వెలుపలికి పోవును. మంట ఆరగనే మిగిలిన గాలి చల్లబడి కుంచించుకొనును. అప్పుడు వెలుపలి గాలి నీటిని లోనికి నెట్టును. ముఖ్యకారణమిది. తల్లి మాట తప్పని పలక తేల్చినది. నాకు సిగ్గు కలిగెను. అంతకు మించిన సంతోషమును కలిగెను.

మూడవది సున్నపుతేట. తాంబూలపు సున్నమును నీట కలిపి, తేరిన పిమ్మట పైతేటను మీరే వంచి తీయుడు. అది కండ్లలో పడరాదు, నోటికి తగులరాదు. వెడల్పు మూతి సీసాలో క్రొవ్వొత్తిని వెలిగించి మూతపెట్టుడు. మంట ఆరగనే క్రొవ్వొత్తిని తీసి, రెండు చెంచాల తేట పోసి, మూతబిగించి కుదుపుడు. తేట పాలవలె మారును. మంటనుండి పుట్టిన బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి సుద్ద యైనది.

ఆ సీసాలోని గాలికిని బయటి గాలికిని కంటికి భేదము కానరాదు, పరీక్షయే చెప్పినది. మన ప్రాంతపు బోరునీరును అట్టిదే. తేటగా నుండును, రుచియు బాగుండును; అయినను అనేక గ్రామములలో ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగుచు పెరిగిన పిల్లల పండ్లకు గోధుమరంగు మచ్చలు పడును. ఇంకను ఎక్కువైనచో, ఏండ్లు గడచినకొలది ఎముకలు, కీళ్లు బిగిసికొనును. కాచినను, బట్టతో వడగట్టినను అది పోదు. నీటిని పరీక్షింపజేసియే తెలిసికొనవలెను.

కావున ఈ సాయంకాలము ఆడపిల్లను వంటయింటికి పంపక, ఆమె చేతికిని పలక నిండు. నేడు క్రొవ్వొత్తిని ప్రశ్నించిన బిడ్డ రేపు కుండలోని నీటిని గూర్చియు ప్రశ్నించును. అప్పుడు విసుగుకొనక, ఆమెతోకూడ బయలుదేరి ఆ నీటిని పరీక్షకు పంపుడు.