చలువకని బీరు, బొజ్జలో నిలవ

ప్రశ్న: మా వారికి 38 ఏళ్ళు. ఇక్కడే ఫ్యాక్టరీలో కూర్చుని చేసే ఉద్యోగం. రెండేళ్ళుగా వారానికి మూడు రాత్రులు రెండేసి సీసాల స్ట్రాంగ్ బీరు తాగుతున్నారు. అడిగితే, ‘బీరు మందు కాదు, ఒంటికి చలువ’ అంటారు. బొజ్జ బాగా పెరిగింది. మొన్న పరగడుపున షుగరు 118 వచ్చింది. మా మామగారికి షుగరు వ్యాధి ఉంది. నాకు భయంగా ఉంది. బొజ్జ తగ్గడానికి ఏ వ్యాయామం చెయ్యాలి?
– ఒక సోదరి, రావిర్యాల (రంగారెడ్డి జిల్లా)

జవాబు: అమ్మా, వ్యాయామం సంగతి తర్వాత. ముందు సీసా లెక్క చూద్దాం. పెద్ద సీసాలో 650 మిల్లీలీటర్లు ఉంటుంది. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 7 శాతం అనుకుంటే, సీసాకు సుమారు 36 గ్రాములు. అంటే మూడున్నర చిన్న పెగ్గుల విస్కీతో సమానం. మరి మందు కాకుండా ఎలా పోతుంది?

ఆల్కహాలు గ్రాముకు 7 కాలరీలు ఇస్తుంది. బార్లీ నుంచి వచ్చే పిండిపదార్థం కూడా కలిపితే సీసాకు 300 కాలరీలు దాటుతాయి. రెండు సీసాలంటే దాదాపు అర కిలో వండిన అన్నం తిన్నట్టే! ఆపైన నంజుకునే వంద గ్రాముల వేరుశనగపప్పుకు మరో 570 కాలరీలు. తర్వాత ఇంటి భోజనం ఎలాగూ ఉంది.

కడుపులో పడిన ఆల్కహాలును శరీరం నిలవ చేసుకోలేదు. అందుకని లివరు ముందు దాన్నే ఖర్చు చేస్తుంది. ఆ రాత్రి తిన్న కొవ్వు ఖర్చు కాకుండా మిగిలిపోతుంది. మగవారిలో అది ఎక్కువగా పొట్టలో, పేగుల చుట్టూ చేరుతుంది, లివరులోనూ పేరుకుంటుంది. ఈ కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. పరగడుపున షుగరు 100 నుంచి 125 వరకు ఉంటే వ్యాధి గుమ్మంలో నిలబడిందన్నమాట. ఇంకా లోపలికి రాలేదు. ఇప్పుడు జాగ్రత్తపడితే చాలావరకు ఆపవచ్చు.

ఇక చలువ మాట. బీరు మూత్రాన్ని ఎక్కువ చేసి ఒంట్లో నీటిని బయటికి పంపుతుంది. ఎండకు కావలసింది మంచినీళ్ళు, పలచని మజ్జిగ. కిడ్నీలో రాళ్ళు కరుగుతాయని బీరు తాగేవారికీ ఇదే నా సమాధానం.

మీ వారికి నా సలహాలు ఇవి:

1. మూడు నెలలపాటు బీరు పూర్తిగా మానాలి. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అయితే రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. అటువంటివారు డాక్టరు సలహాతోనే మానాలి. మానలేక అవస్థ పడేవారు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వారు ఉచితంగా సలహా ఇస్తారు.

2. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించాలి. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. వేపుళ్ళకు బదులు కీరా ముక్కలు పెట్టండి.

3. పొట్ట కసరత్తు కండను గట్టిపరుస్తుంది గాని, దానిమీది కొవ్వును కరిగించదు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడవాలి. మీ ఊరి చెరువు వైపు ఇద్దరూ కలిసి నడవండి.

4. నెలకొకసారి టేపుతో నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజును నమ్మవద్దు. బొజ్జ కిందికి బెల్టు జార్చుకుంటే సైజు మారదు!

ఒక హెచ్చరిక: పొట్ట బిగుసుకుని ఉబ్బినా, కాళ్ళు వాచినా, కళ్ళు పచ్చబడినా అది కొవ్వు కాకపోవచ్చు. లివరు దెబ్బతిని పొట్టలో నీరు చేరి ఉండవచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

ఈ వారమే లివరు పరీక్ష, మూడు నెలల సగటు షుగరు పరీక్ష చేయించండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మీ వారికే చూపించండి.