రంపం కాదు, రంపం పట్టిన చెయ్యి చూడండి

గత నెల మా రీడింగ్ రూమ్‌లో ఎస్సే ప్రాక్టీస్ పెట్టుకున్నాం. టాపిక్: "తక్కువ ప్రభుత్వమే మంచి ప్రభుత్వమా?" పదకొండు మందిమి రాశాం. దాదాపు అన్ని పేపర్లలోనూ అర్జెంటీనా అధ్యక్షుడు హావియెర్ మిలే, ఆయన మోటారు రంపం కనిపించాయి. కొందరు ఆయన్ని హీరోని చేశారు, కొందరు విలన్‌ని చేశారు. చివరి పేరాలో మాత్రం అందరం ఒకటే రాశాం: "సమతుల్య దృక్పథం అవసరం."

నేనూ అదే రాశాను. రూమ్‌కి వచ్చాక సిగ్గేసింది. ఏది కోయాలి, ఎంత కోయాలి, ఏ అధికారంతో కోయాలి అన్నది చెప్పకుండా "సమతుల్యం" అంటే అది అభిప్రాయం కాదు. ఎగ్జామినర్‌కి పెట్టే దండం.

ఇంకో మాట కూడా ఒప్పుకుందాం. ఈ విషయంలో మనం తటస్థులం కాదు. 2021 మార్చి 1 నాటికి కేంద్రంలో మంజూరైన పోస్టులు సుమారు 40 లక్షలు, అందులో ఖాళీలు 9.79 లక్షలు అని పార్లమెంటుకే చెప్పారు. ఆ అంకె చదివినప్పుడు మీకు పాలన గుర్తొచ్చిందా, నోటిఫికేషన్ గుర్తొచ్చిందా? నాకైతే నోటిఫికేషనే. కాబట్టి కింద నేను రాసేది కూడా అనుమానంతోనే చదవండి.

వాళ్ల వాదన ముందు సరిగ్గా విందాం

లిబర్టేరియన్లను వెక్కిరించడం తేలిక, వాళ్ల వ్యూహాన్ని అర్థం చేసుకోవడం కష్టం. వాళ్లు అడిగే ప్రశ్న ఇది: ఎన్నిక గెలిచాం, ఇప్పుడు రాజ్యాన్ని మెల్లగా తగ్గించాలా, ఒక్క దెబ్బతో తగ్గించాలా? ముర్రే రోత్‌బార్డ్ లాంటివాళ్లు మెల్లగా అనే మాటనే ఒప్పుకోలేదు. తప్పు అని తెలిశాక వాయిదాల్లో మానడం ఏమిటన్నది ఆయన వాదన. మిలే తన పెంపుడు కుక్కల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టుకున్నాడు.

ఇందులో సిద్ధాంతం కంటే బలమైనది రాజకీయ లెక్క. ఒక లైసెన్సు ఎత్తేస్తే నష్టపోయే వంద మందికి ఆ సంగతి ఆ రోజే తెలుస్తుంది. వాళ్లు ధర్నాకి వస్తారు, కోర్టుకి వెళ్తారు, మంత్రిని కలుస్తారు. లాభపడే లక్ష మందికి తాము లాభపడ్డామనే తెలియదు. అందుకే వంద మంది కూడగట్టుకునే లోపే పని పూర్తి చేయాలి, అన్ని రంగాల్లో ఒకేసారి చేయాలి. న్యూజిలాండ్‌లో 1984 తర్వాత ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్ చేసింది ఇదే. ఆయన లేబర్ పార్టీ మనిషి అన్నది గుర్తుపెట్టుకోండి.

ఈ లెక్క తప్పు కాదు. మన దగ్గర ఎన్ని సంస్కరణలు కమిటీల్లో ముసలివైపోయాయో మీకు తెలుసు.

అర్జెంటీనాలో జరిగింది

మిలే 2023 డిసెంబర్ 10న పదవిలోకి వచ్చాడు. మంత్రిత్వ శాఖలను 18 నుంచి 9కి తగ్గించాడు. పెసో అధికారిక విలువను ఒక్కసారిగా సగానికి పైగా పడేశాడు. కేంద్ర నిధులతో నడిచే ప్రజా పనులు దాదాపు ఆగిపోయాయి. పెన్షన్లు ధరలతో సమానంగా పెరగలేదు. అదే నెలలో 366 ఆర్టికల్స్ ఉన్న ఒక అత్యవసర డిక్రీ తెచ్చాడు.

ఫలితాలు రెండు వైపులా రాయండి, ఒకటి దాచొద్దు. 2023 డిసెంబర్‌లో నెలవారీ ద్రవ్యోల్బణం 25.5 శాతం, 2024 డిసెంబర్‌లో 2.7 శాతం. 2024లో బడ్జెట్ మిగులులోకి వచ్చింది. ఆ దేశంలో అది చిన్న విషయం కాదు. అదే సమయంలో 2023 రెండో అర్ధభాగంలో 41.7 శాతంగా ఉన్న పేదరికం 2024 మొదటి అర్ధభాగంలో 52.9 శాతానికి ఎగబాకి, ఆ తర్వాత 38.1కి దిగింది. "చివరికి దిగింది కదా" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆ ఆరు నెలలు మందులు మానేసిన పెన్షనర్‌కి సగటు తర్వాత దిగడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇక్కడిదాకా మన పేపర్లన్నిటిలో ఉంది. నా గొడవ తర్వాతి దానితో.

రాజ్యం చిక్కింది, రాజు లావయ్యాడు

గెలిచినప్పుడు 72 మంది సెనేట్‌లో మిలే పార్టీకి ఉన్నది 7 సీట్లు. 257 మంది దిగువసభలో 15 శాతం కూడా లేవు. మరి అంత పెద్ద కోత ఎలా సాధ్యమైంది? డిక్రీతో. మన 123వ అధికరణతో పోల్చి చూడండి. మన ఆర్డినెన్స్ సభలు మళ్లీ కొలువుదీరిన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే పడిపోతుంది. అక్కడ ఉల్టా: ఉభయసభలూ తిరస్కరిస్తే తప్ప డిక్రీ బతికే ఉంటుంది. 2024 మార్చిలో సెనేట్ ఆ డిక్రీని తిరస్కరించింది, అయినా అది అమల్లోనే ఉంది. కార్మిక చట్టాల భాగాన్ని మాత్రం కోర్టులు ఆపాయి.

తర్వాత వచ్చిన "బాసెస్" చట్టం సెనేట్‌లో 36-36తో ఆగితే, ఉపాధ్యక్షురాలి ఓటుతో గట్టెక్కింది. అందులో ఏముంది? నాలుగు రంగాల్లో ఏడాదిపాటు అధ్యక్షుడికి ప్రత్యేక అధికారాలు. 2024లోనే ఇంటెలిజెన్స్ సంస్థకు డిక్రీ ద్వారా 10 వేల కోట్ల పెసోలు అదనంగా ఇవ్వబోతే, ఉభయసభలూ కొట్టేశాయి. అదే సెప్టెంబర్‌లో సమాచార హక్కు చట్టం నిబంధనలను డిక్రీతో బిగించారు.

యూనివర్సిటీకి డబ్బుల్లేవు, గూఢచారికి ఉన్నాయి. పౌరుడు అడగగలిగేది తగ్గింది, పాలకుడు ఒంటరిగా చేయగలిగేది పెరిగింది. రాజ్యాన్ని తగ్గించడం అంటే ఇదేనా? లిబర్టేరియన్ భయపడాల్సింది ఖర్చుకి ముందా, ఎదురులేని అధికారానికి ముందా? డిక్రీతో తగ్గిన రాజ్యాన్ని, రేపు ఇంకొకడు డిక్రీతోనే పెంచుతాడు. రంపం బాగానే పనిచేస్తుంది. అది ఎవరి చేతికి వెళ్తుందో ఎవరూ రాసివ్వలేరు.

మన దగ్గర పనిచేసిన కోత

1991 జూలై 24. పీవీ నరసింహారావుదీ మైనారిటీ ప్రభుత్వమే. పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉంది. కొత్త పారిశ్రామిక విధానంతో 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్నారు. ఇది కూడా వేగమే, ఇది కూడా షాకే. కానీ తేడా గమనించండి. లైసెన్సు ఇచ్చే అధికారం ఎవరిది? ప్రభుత్వానిదే. అంటే అక్కడ ప్రభుత్వం తన చెయ్యి తానే కట్టుకుంది. ఆ తర్వాత ఎన్ని రంగుల ప్రభుత్వాలు వచ్చినా పాత లైసెన్సు రాజ్యాన్ని తిరిగి తేలేదు. 1992లో షేర్ల ధరలు నిర్ణయించే క్యాపిటల్ ఇష్యూస్ కంట్రోలర్ కార్యాలయాన్ని ఎత్తేశారు. అదే ఏడాది సెబీకి చట్టబద్ధత ఇచ్చారు. అనుమతి ఇచ్చే గుమాస్తా పోయి, మోసం పట్టే కాపలాదారు వచ్చాడు.

నా కొలబద్ద ఇదే: కోత పెట్టినవాడి సొంత విచక్షణాధికారం ఆ కోతతో తగ్గిందా, పెరిగిందా? తగ్గితే అది సంస్కరణ. పెరిగితే అది పేరు మార్చుకున్న పెత్తనం.

పిల్లరా, అడ్డగోడా?

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. పాత ఇల్లు మార్చేటప్పుడు అడ్డగోడని ఒక్క పూటలో కూల్చొచ్చు. పిల్లర్ జోలికి వెళ్లాలంటే ముందు జాకీలు పెట్టాలి. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో ఉద్యోగులను తెగ్గోసినప్పుడు, అణ్వాయుధాల భద్రత చూసే సంస్థలో తీసేసిన చాలామందిని కొద్ది రోజుల్లోనే వెనక్కి పిలవాల్సి వచ్చింది. పిల్లర్‌ని కొట్టాక ప్లాన్ చూసుకున్నారన్నమాట.

మా ఇంట్లో ఈ రెండూ చూశాను. నాన్న పిండిమర కోసం త్రీఫేజ్ కనెక్షన్ అడిగితే ఏడు నెలలు తిప్పారు. ప్రతిసారీ కొత్త కాగితం. అది అడ్డగోడ. అమ్మకి షుగర్ పరీక్ష చేయాలంటే మా దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ లేడు, బస్సెక్కి పట్నం పోవాలి. అది లేని పిల్లర్. "ప్రభుత్వం ఎక్కువైంది" అన్నవాడూ, "ప్రభుత్వం తక్కువైంది" అన్నవాడూ మా ఇంటికొస్తే ఇద్దరూ నిజమే చెప్పినట్టు. మన రాజ్యం లావుగా లేదు, సన్నగానూ లేదు. కాగితం దగ్గర లావు, మనిషి దగ్గర సన్నం. దానికి రంపం ఒక్కటే మందు అన్నవాడికీ, నోటిఫికేషన్ ఒక్కటే మందు అన్న మనకీ తేడా లేదు.

రేపు మనలో కొందరం ఆ కౌంటర్‌కి అవతలి వైపు కూర్చుంటాం. నాన్నని తిప్పిన అధికారి కూడా ఒకప్పుడు "మినిమమ్ గవర్నమెంట్, మాక్సిమమ్ గవర్నెన్స్" అని ఎస్సేలో రాసే ఉంటాడు. కాబట్టి మీ తదుపరి పేపర్‌లో "సమతుల్య దృక్పథం" అన్న మాట కొట్టేయండి. దాని బదులు, పోస్టు వచ్చాక మీ చేతిలో ఉండే ఏ సంతకాన్ని మీరు వదులుకుంటారో ఒక్కటి రాయండి. రాయలేకపోతే మిలే గురించి రాసే హక్కు మనకి లేదు.

ప్రాక్టీస్ ప్రశ్న (జీఎస్-2, 250 పదాలు): "రాజ్యాన్ని వేగంగా కుదించడానికి ముందుగా కార్యనిర్వాహక శాఖను బలపరచాల్సి వస్తుంది." అర్జెంటీనా డిక్రీలను, భారత ఆర్డినెన్స్ అధికారాన్ని పోలుస్తూ విమర్శనాత్మకంగా చర్చించండి. జవాబులు కామెంట్లలో పెట్టండి. నాతో గొడవపడే జవాబులను ముందు చదువుతాను.