వాలుగకి బొమ్మ గాలమా?

ఈసారి ధాన్యం రేటు గురించి కాదు, యూరియా గురించి కాదు, గాలాల గురించి రాస్తున్నాను. "ఈ వయసులో ఈయనకిదేం పిచ్చి" అనుకున్నా సరే, చివరిదాకా చదవండి. ముందు నా తప్పుతోనే మొదలుపెడతాను.

మూడేళ్ళ కిందట గోదారికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో, మా ఊరి లాకుల దగ్గర నా గాలానికి వాలుగ పడింది. నా చేతిలో ఉన్నది ఆన్‌లైన్‌లో పన్నెండు వందలకి తెప్పించిన కర్ర. పాత రేడియో ఏరియల్ లాగినట్టు ఒకదాన్లోంచి ఒకటి లాగుతామే, ఆ రకం. రీలు మీద బంగారు అక్షరాలతో "హెవీ డ్యూటీ" అని రాసుంది. చేప ఒక్క ఊపు ఊపింది. దారం వదలాల్సిన రీలు బిగుసుకుపోయింది. కర్ర అతుకు దగ్గర ఫట్‌మంది, ఆ వెంటనే దారం తెగింది. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు "ఎంత చేప బాబాయ్!" అని కేకలు వేశారు. నేనూ నవ్వేశాను.

నాలుగో రోజు గుర్రపుడెక్కలో ఆ వాలుగ చచ్చి తేలింది. నోట్లో నా కొక్కెం, వెనకాల నా టంగూసు దారం డెక్కకి చుట్టుకుని ఉంది. పొట్టనిండా గుడ్లు. కాకులు పొడుస్తున్నాయి. ఒకరి కూరకీ రాలేదు, ఏట్లో పిల్లలు పెట్టడానికీ మిగల్లేదు. ఆ రోజు నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అందుకే గట్టిగా అంటున్నాను, కోపం వచ్చినా పడతాను. వాలుగలు తిరిగే నీళ్ళలో బొమ్మ గాలం వెయ్యడం సరదా కాదు, పాపం. చేప పోతుంది, డబ్బు పోతుంది, ఏరూ పాడవుతుంది.

"మా తాతలు వెదురు కర్రతో పట్టలేదా?" అంటారు. పట్టారు. కానీ వాళ్ళు పెద్ద చేపకి వేసిన తాడు ఎంత లావుండేదో గుర్తు తెచ్చుకోండి. రాత్రిపూట చెట్టు మొదలుకి కట్టి పొద్దున్నే చూసుకునేవారు. వాళ్ళ సరంజామా చూడ్డానికి మోటుదే గానీ చేపకి తగ్గది. మనం వెదురు వదిలేశాం, ఆ లెక్కా వదిలేశాం.

"సన్న దారంతో ఆడించి పట్టడమే నేర్పు" అనేవాళ్ళు ఇంకొందరు. గంటసేపు ఆడిస్తే చేప డస్సిపోతుంది, తర్వాత వదిలినా బతకడం కష్టం. పైగా మన కాలవలో గుర్రపుడెక్క, మునిగిన దుంగలు, లాకుల రాళ్ళు. వీటి మధ్య సన్న దారంతో ఆడించేది ఎక్కడ? అది తిన్నగా డెక్కలోకి దూరుతుంది, అక్కడితో సరి.

ఇక "హెవీ డ్యూటీ" కథ. ఆ మాట ఎవరైనా ఏ కర్ర మీదైనా అచ్చేసుకోవచ్చు. బండి ఇరుసు ఎంత గట్టిదైనా కడచీల ఊడితే చక్రం పోతుంది కదా. గాలమూ అంతే. కొక్కెం, ముడి, దారం, రీలు, కర్ర, వీటిలో ఏది బలహీనమో మన బలం అంతే. మనవాళ్ళు ముందు కర్ర కొని, మిగిలిన డబ్బుతో దారం కొంటారు. నేను చెప్పేది చేప నోటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రమ్మని.

వాలుగ నోరు చూశారుగా, కళ్ళు దాటి వెనక్కి చీలి ఉంటుంది. లోపల సన్న పళ్ళు బారులు తీరి ఆకురాయిలా ఉంటాయి. అందుకని కొక్కెం దగ్గర చివరి రెండడుగులూ మిల్లీమీటరు మందం నైలాన్ ఉండాలి. కొక్కెం కొన లోపలికి తిరిగి ఉండే రకం, సర్కిల్ హుక్ అంటారు, 6/0 నుంచి 8/0 సైజు చూడండి. అది చాలావరకు నోటి మూలలో పట్టుకుంటుంది, గొంతులోకి దిగదు. కాకపోతే దానికి అలవాటుగా గుంజకూడదు, దారం బిగిసేదాకా ఆగి నిదానంగా లాగాలి.

రీలులో దారం అల్లికది, అదే బ్రెయిడ్, 50 పౌండ్లది వేసుకోండి. అంటే దాదాపు 22 కిలోల లాగుడుకి తట్టుకునేది. నేరుగా చుడితే చక్రం మీద జారుతుంది, అడుగున నాలుగు చుట్లు మామూలు నైలాన్ వేసి దాని మీద చుట్టండి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. బ్రెయిడ్‌ని మాత్రం చేతికి చుట్టుకుని లాగొద్దు, వేలు కోసేస్తుంది.

రీలు 6000 నుంచి 8000 సైజుది చాలు. కంపెనీని బట్టి ఈ అంకె కొంచెం అటూ ఇటూ ఉంటుంది, చేత్తో పట్టుకుని చూడాలి. "పదమూడు బేరింగులు" అని చెబితే మురిసిపోకండి. పిడి లోహంతో చేసిందా, ఒళ్ళు గట్టిదా, దారం లాగితే కుదుపు లేకుండా వదులుతోందా, ఈ మూడు చూడండి. నా కర్ర విరిగింది ఆ మూడోది లేకే.

ఆ వదిలే బిగువునే డ్రాగ్ అంటారు. డబ్బా మీద 20 కిలోల డ్రాగ్ అని ఉంటుంది. సరే, నిజంగా 20 కిలోలకి బిగించి ఏటిగట్టు మీద నిలబడండి చూద్దాం, చేప మిమ్మల్నే లాక్కుపోతుంది. దారం బలంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. 50 పౌండ్ల దారానికి ఐదారు కిలోలు. మనింట్లో స్ప్రింగ్ కాటా ఉంటుందిగా, దారం చివర దాని కొక్కేనికి కట్టి లాగండి. ముల్లు ఐదు దగ్గరికి వచ్చేసరికి రీలు దారం వదలాలి. ఈ పని ఇంటి దగ్గరే చేసుకెళ్ళండి.

కర్ర చివరిది. ఏడెనిమిది అడుగులు, ఒకటే ముక్క గానీ రెండు ముక్కలు గానీ. పిడి పైన 30–50 పౌండ్లు అని రాసుండాలి. వంచితే కొన వంగాలి, నడుము నిలబడాలి. రింగుల్లో దూది తిప్పి చూడండి, దూది పట్టుకుందంటే రింగు పగిలినట్టే, దారాన్ని కోసేస్తుంది. ట్రాక్టర్ మీదా బండి మీదా పడేసి తిప్పే మనకి ఫైబర్‌గ్లాస్ మేలు. కొంచెం బరువే, కానీ దెబ్బలకి ఓర్చుకుంటుంది. కార్బన్‌ది తేలిగ్గా ఉంటుంది, అయితే దాన్లో కరెంటు పారుతుంది. మన గట్ల మీద 11 కేవీ తీగలు ఎలా వేలాడుతుంటాయో చెప్పాలా? తీగల కింద ఏ కర్రా ఎత్తొద్దు. ఫైబర్‌దైనా తడిస్తే నమ్మకూడదు. ఉరుములప్పుడు గట్టు దిగి వచ్చెయ్యండి.

"ఇంత డబ్బెక్కడిదండీ?" అంటారు. నేను పన్నెండు వందలవి మూడు విరగ్గొట్టాను. మూడు వేల ఆరు వందలు. ఆ డబ్బుకి మెరుపు లేని ఫైబర్ కర్ర, మధ్యరకం రీలు ఇంటికొచ్చేవి. విత్తనాల దగ్గర సంచీ బొమ్మ చూసి మోసపోవద్దని ఒకరికొకరం చెప్పుకుంటాం, ఇక్కడ మాత్రం స్టిక్కర్ చూసి కొంటున్నాం.

నాకు అసలు భయం వేరే ఉంది. రెండు కర్రలు విరిగిన కుర్రాడు మూడోది కొనడు. "గాలంతో అయ్యేది కాదు" అని మోటారు షెడ్డు నుంచి తీగ లాగి కాలవలో పెడతాడు. దాంతో వాలుగతో పాటు వేలెడంత పిల్లలు, కప్పలు, అన్నీ తేలతాయి. నీళ్ళలో దిగినవాడు కూడా తేలతాడు. మా పక్క ఊళ్ళో ఒక ఇంట్లో అదే జరిగింది. చేపకి బాంబులు, విషం వాడొద్దని 1897 నాటి చట్టమే చెప్పింది. కరెంటు వాటికన్నా ఏం తక్కువ? కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు, చేతికి పనికొచ్చే గాలం ఇచ్చి వాడడం నేర్పాలి. అది మన వయసువాళ్ళ పని.

ఇంకో మాట. వాలుగ ఇప్పుడు ఐయూసీఎన్ వాళ్ళ ముప్పు జాబితాలో ఉంది. కొత్త నీటికి గుడ్లతో వచ్చింది పడితే తడిచేత్తో కొక్కెం తీసి వదిలెయ్యండి. గట్టి సరంజామా ఉంటే ఐదు పది నిమిషాల్లో ఒడ్డుకొస్తుంది, అది బతుకుతుంది కూడా. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పడితే మాత్రం తిరిగి నీళ్ళలో వదలొద్దు. దాని పెంపకాన్ని ప్రభుత్వం 2000లోనే నిషేధించింది, అది మన చేపల్ని తినేస్తుంది. సొసైటీ చెరువుల్లో మత్స్యకారుల్ని అడక్కుండా గాలం వెయ్యకండి, అది వాళ్ళ తిండి.

ఎర్రనీళ్ళు వచ్చేలోపు ఎవరి రీలైనా సరే మా ఇంటికి పట్టుకురండి. కాటా అరుగు మీద పెట్టి ఉంచుతాను. బిగువు కలిసి చూద్దాం. కొత్తది కొనేవాళ్ళు కొనకముందే వస్తే ఇంకా మంచిది.