బీరువాలోని ఆటలు ఎవరి కోసం?

ఇటీవల ఒక ఉర్దూ మాధ్యమ పాఠశాల గ్రంథాలయాన్ని దర్శించాము. బీరువాలో నాలుగు ఆట పెట్టెలు ఉన్నాయి. పై కవరైనా చిరగలేదు. "ఒక్క పావు పోయినా తనిఖీలో జవాబు చెప్పుకోవాలి సాబ్" అన్నారు బాధ్యులు. దశాబ్దాలపాటు స్టాకు రిజిస్టర్లు రాసిన మాకు ఆ భయం తెలియనిది కాదు.

పెట్టెలు తెరిపించాము. ఒకదానిలో ప్రశ్నల చీట్లన్నీ ఆంగ్లమే. మరొకటి స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే వ్యాపారపు ఆట. అది గంటకైనా ముగియదు. పీరియడు నలభై నిమిషాలే. దివాలా తీసిన బిడ్డ చూస్తూ కూర్చోవలసిందే.

2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు గ్రంథాలయంతో పాటు ఆట సామగ్రిని కూడా ప్రతి తరగతికీ అవసరం మేరకు సమకూర్చాలన్నది. అంటే ఇది దయ కాదు, హక్కు. అయితే ఎంపిక సరిగా లేకపోతే హక్కు బీరువాలోనే మిగులుతుంది.

ఎంపికకు మా కొలమానం ఒక్కటే: ఏ బిడ్డా పక్కన కూర్చోరాదు. చదరంగానికి భాష అడ్డు కాదు. పులి–మేక ఆటకు సుద్దముక్కతో గీసిన పటం, గులకరాళ్ళు చాలు. వామనగుంటలకు చింతగింజలు చాలు. పోయినా మరునాడే దొరుకుతాయి. మాటలు కూర్చే ఆటను బడిలోనే తయారుచేయవచ్చు. స్క్రాబుల్ రూపకర్త ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించి బిళ్ళల సంఖ్య నిర్ణయించాడు. ఉర్దూ దినపత్రిక ముందుంచుకొని మన పిల్లలూ ఆ లెక్క తీయగలరు. అట్టముక్కలపై అక్షరాలు రాయగలరు. అదే ఒక పాఠం.

పాచిక కనబడితే జూదం గుర్తుకు వచ్చే పెద్దలు మన ఇళ్ళలో ఉన్నారు. చదరంగంపైనా ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయాలున్నాయి. వారిని పరిహసించడం తగదు. కొనుగోలుకు ముందే పాఠశాల యాజమాన్య కమిటీలో ఆటను ఆడి చూపాలి. అందరికీ సమ్మతమైన ఆటలకు కొదవ లేదు.

ఈ మాట ముఖ్యంగా ఆడపిల్లల కోసం చెబుతున్నాము. పెద్దదైందని మైదానం మాన్పించిన బిడ్డకు గ్రంథాలయపు బల్లే మిగిలిన ఆటస్థలం. దానికీ తాళం వేస్తే ఆమె ఎక్కడ గెలవాలి, ఎక్కడ ఓడి మళ్ళీ లేవాలి?

పావులను, బిళ్ళలను వాడుకలో తరిగే వస్తువులుగా నమోదు చేయమని కమిటీ తీర్మానించి అధికారులను కోరాలి. తల్లిదండ్రులారా, వచ్చే సమావేశానికి తప్పక వెళ్ళండి. బీరువా తాళం ఎవరి వద్ద ఉన్నదో అడగండి.