అడ్డగాలిలో దిగడమే అసలు పరీక్ష

న్యూఢిల్లీ: ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాల కొనుగోలుకు 2023లో ఆర్డర్లు ఇవ్వడంతో రానున్న కాలంలో పైలట్ల అవసరం ఎంతగా పెరగనున్నదో తేటతెల్లమైంది. ఆ అవసరాన్ని తీర్చవలసిన శిక్షణ సంస్థల తీరు మాత్రం భరోసా కలిగించడం లేదు. అదే ఏడాది అక్టోబరు 19, 22 తేదీలలో మహారాష్ట్రలోని బారామతి వద్ద ఒకే సంస్థకు చెందిన రెండు శిక్షణ విమానాలు ప్రమాదానికి గురయ్యాయి. దీంతో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఆ సంస్థలో శిక్షణను నిలిపివేసింది.

తేలికపాటి విమానాలకు ప్రమాదాలు అధికంగా ఎదురయ్యేది నేలకు దిగే సమయంలోనే. ప్రాణనష్టం తక్కువే అయినా వీటిని తేలికగా తీసుకోరాదు. రన్‌వేకు అడ్డంగా గాలి వీచినప్పుడు విమానం పక్కకు కొట్టుకుపోతుంది. పైలట్ విమానం ముక్కును గాలి వైపు తిప్పి, చక్రాలు నేలను తాకేముందు రన్‌వే దిశకు సరిచేయాలి. లేదా గాలి వచ్చే వైపు రెక్కను కొద్దిగా వంచి, చుక్కానితో దిశను నిలపాలి. ఏ మాత్రం తడబడినా చక్రాలపై పక్కనుంచి ఒత్తిడి పడి విమానం రన్‌వే తప్పుతుంది. రెక్క నేలకు తగిలే ముప్పూ ఉంది.

సెస్నా 152 రకం 12 నాట్లు, సెస్నా 172ఎస్ రకం 15 నాట్ల (గంటకు సుమారు 28 కి.మీ.) అడ్డగాలిలో దిగగలవని పరీక్షల్లో రుజువైంది. అయితే అది పరీక్షలు జరిపిన పైలట్లు సాధించిన ఫలితమే గాని విద్యార్థులకు ఇచ్చిన హామీ కాదు. పైగా గాలి వేగం మారకున్నా దిశ మారితే చాలు, లెక్క తారుమారవుతుంది. 20 నాట్ల గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో వీస్తే అడ్డగాలి 10 నాట్లే. 60 డిగ్రీలకు మళ్లితే 17 నాట్లు దాటుతుంది.

మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపిన అనుభవం తప్పనిసరి. ఆ గంటలన్నీ ప్రశాంత వాతావరణంలోనే గడిస్తే సంఖ్య పూర్తవుతుంది గాని నైపుణ్యం అలవడదు. 2025 అక్టోబరులో డీజీసీఏ తొలిసారిగా శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటించగా, ఏ ప్లస్, ఏ శ్రేణులు ఒక్క సంస్థకూ దక్కలేదు.

అనుభవజ్ఞుడైన శిక్షకుని పక్కన కూర్చుని అడ్డగాలిలో పదేపదే దిగడం ఒక్కటే ఇందుకు మార్గం. దిగడం కుదరదని తోచినప్పుడు మళ్లీ పైకి లేవడం ఓటమి కాదని విద్యార్థికి తొలినాడే నేర్పాలి. లక్షల రూపాయల రుసుము చెల్లించిన తల్లిదండ్రులకు శిక్షణ సంస్థలు పడిన బాకీ లైసెన్సు మాత్రమే కాదు, బిడ్డల భద్రత కూడా.