ఒళ్లు తగ్గించుకున్నోడిని ఆపి అడుగుతాం, ఊరికే చిక్కిపోతున్నోడిని మెచ్చుకుంటాం

ఈసారి మిర్చి రేటు గురించి రాయట్లేదు, యూరియా లైన్ల గురించి కూడా కాదు. మన ఒంటి గురించి రాస్తున్నా. చదివి కొందరు నవ్వుతారు, తెలుసు. నవ్వినా పర్లేదు, చివరిదాకా చదవండి. నేను చేసిన ఒక తప్పు ఇందులో ఉంది.

పోయినేడు మిర్చి బస్తాలు తూకం వేసేటప్పుడు కుర్రాళ్లు ఆటకి ఒక్కొక్కళ్లు కాటా ఎక్కుతుంటే నేనూ ఎక్కాను. 86 కిలోలు చూపించింది. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. రెండు బస్తాల లెక్క ఉన్నావ్ మామా అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంటికొచ్చాక టేపు తీసి బొడ్డు దగ్గర కొలిస్తే 41 అంగుళాలు వచ్చింది. మన దేశపు మగాళ్లకి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఐదున్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలంటారు డాక్టర్లు. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు. మనవాళ్లు ప్యాంటు సైజు చెప్పి అదే నడుం అనుకుంటారు. ప్యాంటు పొట్ట కింద కడతాం కదా, అది లెక్కలోకి రాదు.

రైతుకి పొట్ట ఎట్లా వస్తది అని అడిగేవాళ్లకి ఒక్కసారి మన రోజు గుర్తు చేసుకోమంటా. మా తాత నాగలి వెంట నడిచిండు, జొన్న గటక తిన్నడు. నేను ట్రాక్టరు మీద కూసోని దున్నుతా, మోటారు ఫోనుతో ఆన్ చేస్తా, చేను దాకా బండి మీద పోతా. తిండి మాత్రం తాత కంటే ఎక్కువే. మూడు పూటలా అన్నం, నడుమ ఆరు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. మన అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటలున్న అన్నలకు ఇంకా తెలుసు, గెలలు కోసేది కూలీలు, మనం గట్టు మీద నిలబడేవాళ్లం.

సరే, తగ్గాలనుకున్నా. చక్కెర టీలు ఆపిన, రాత్రికి జొన్నరొట్టె రెండు, పగలు అన్నం సగం చేసి గుడ్డో పప్పో చేపో ఎక్కువ పెట్టుకున్నా, చేనుకి నడిచి పోవుడు మొదలుపెట్టిన. ఎనిమిది నెలల్లో 86 నుంచి 74కి వచ్చిన. ఎట్లా తగ్గాలో చెప్పడానికి ఈ పోస్టు కాదు. తగ్గేటప్పుడు ఒంట్లో ఏం కనబడతది, ఊరు దాన్ని ఎట్లా చదువుతది, అది చెప్పాలని.

మొట్టమొదట అద్దంలో ఏమీ కనబడదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. రోజూ చేనుకి పోయేవాడికి పైరు పెరిగినట్టే తెలియదు, పది రోజులకోసారి వచ్చే బావమరిది చూసి "అరె, మోకాలెత్తు వచ్చిందే" అంటాడు. ఒళ్లూ అంతే. నాకు ముందు చెప్పింది అద్దం కాదు, మొలతాడు. ఎప్పుడూ బొడ్డు కింద కోసుకుపోయి ఎర్రగా గీత పడేది, నెలన్నరకి ఆ గీత పోయింది. తర్వాత తాడు తుంటి మీదికి జారింది. ఆ తర్వాత చేతి గడియారం మణికట్టు చుట్టూ తిరుగుడు, పెండ్లి ఉంగరం సబ్బు లేకుండానే ఊడిరావుడు. ఆడవాళ్లయితే గాజులు మోచేతి దాకా జారుడు, జాకెట్టు భుజాల దగ్గర వదులవుడు. కాటా కంటే ఇవే నమ్మకం.

ఎందుకంటే కాటా మొదటి రెండు వారాలు అబద్ధం చెప్తది. 2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ మన ఊళ్లల్లో ఎంత నడిచిందో మీకు గుర్తుండే ఉంటది, కొబ్బరి నూనె డబ్బాలు, నిమ్మకాయలు, ఎవర్ని చూసినా అదే ముచ్చట. అన్నం మానేసిన వారంలోనే మూడు కిలోలు నాలుగు కిలోలు పోయినయని సంబరపడ్డారు. అందులో ఎక్కువ భాగం నీళ్లు. మనం తిన్న అన్నంలో కొంత పిండిపదార్థం లివర్లో, కండల్లో నిల్వ ఉంటది, ఒక్కో గ్రాము తనతో మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుంటది. అన్నం ఆపితే ఆ నిల్వ ఖాళీ అయ్యి నీళ్లు పోతాయి. అది పోయినాక తూకం నెమ్మదిస్తది, మనోడేమో పని చేయట్లేదని మళ్లీ కంచం నింపుతాడు. ఎండలో మిర్చి కోసొచ్చి సాయంత్రం కాటా ఎక్కితే కిలోన్నర తక్కువ చూపించేదీ నీళ్లే, రెండు చెంబులు తాగితే తిరిగొస్తది. ఇంకో మాట, షుగర్ గోలీలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా రాత్రికి రాత్రి అన్నం మానొద్దు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి చేనులోనే కళ్లు తిరిగి పడిపోతారు.

మరి కొవ్వు ఎటు పోతది? చెమటలో అనుకుంటాం. కాదు. 2014లో ఆస్ట్రేలియా వాళ్లిద్దరు లెక్కగట్టి బ్రిటన్ డాక్టర్ల పత్రికలో రాశారు: పది కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు గాలిగా పోతది, మిగిలింది నీళ్లు. నాకైతే ఇది చదివిన రోజు భలే అనిపించింది, ఇంత కొవ్వు ఊదేసినమా అని.

మూడో నెలకి ఊరికి కనబడ్డా. అక్కడ మొదలైంది అసలు కష్టం. ముందు తగ్గేది పొట్టే అయినా జనం చూసేది ముఖం. బుగ్గలు లోపలికి పోతాయి, గొంతు కింద తోలు వదులైతది, మెడ ఎముకలు తేలతాయి. జుట్టు కూడా రాలింది నాకు, గబగబా తగ్గితే రెండు మూడు నెలలకి అట్లా రాలుడు మామూలేనంట, తిండి సరిగ్గా ఉంటే మళ్లీ వస్తది, వచ్చింది కూడా. కానీ ఊరికి ఇవన్నీ ఎవరు చెప్పాలి? "ఏమైంది అన్నా, ఇట్ల పీక్కుపోయినవ్?" "షుగరేమన్నా బయటపడ్డదా?" "అప్పులేమన్నా అయినయా, ఇంట్ల మంచిగనే ఉందా?" ఒక పెండ్లిలో మా పెద్ద బావ అందరి ముందు "వీడికేదో ఉంది, చెప్తలేడు" అన్నడు. మా అమ్మ రెండు రోజులు ఏడ్చింది. ఆ పెండ్లిలో ఎంత వద్దన్నా నా విస్తట్లో మూడుసార్లు బగారన్నం పడ్డది, బతికుంటే తినాలె అని.

ఒకటి మాత్రం ఎవరూ చూడలేదు. నా మెడ వెనక నల్లగా, మందంగా మకిలి పట్టినట్టు ఉండేది. ఏండ్ల తరబడి మా ఇంటామె పీచుతో రుద్దింది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు మెడ మీద, చంకల్లో అట్లా నలుపు పడతది, షుగర్ రాబోతుందని ముందే చెప్పే గుర్తుల్లో అదొకటి. బరువు తగ్గినకొద్దీ ఆ నలుపు పలచబడ్డది. మీ ఇంట్లో పిల్లల మెడ కూడా ఒకసారి చూడండి, ఈ కాలం పిల్లలకి పదేండ్లకే కనబడుతున్నది. మోకాళ్ల సంగతీ చెప్పాలె. ఒక్క కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతదంట. గట్టెక్కేటప్పుడు నాకు తెలుస్తున్నది.

నా అభిప్రాయం కుండబద్దలు కొట్టి చెప్తా. మన ఊళ్లల్లో పొట్ట ఉంటే కలిగినోడు, చిక్కితే చెడిపోయినోడు. ఈ చూపు వల్ల తగ్గాలనుకున్నోడు సగంలో ఆగిపోతాడు. బ్రిటన్లో షుగర్ వచ్చి ఆరేండ్లు దాటనివాళ్లని డాక్టర్లు, నర్సుల కనుసన్నల్లో బరువు తగ్గించి చూశారు, 2017 చివర్న ఫలితం చెప్పారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకొచ్చింది. పదిహేను కిలోలు తగ్గినోళ్లలో నూటికి 86 మందికి. అంత లాభముండే పనిని మనం "పీక్కుపోయినవ్" అనే ఒక్క మాటతో చెడగొడుతున్నాం.

ఇది ఒక సగమే. రెండో సగం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మా పక్క గూడెం తమ్ముడొకడు ఏటా మిర్చి కోతకి కూలీలను తీసుకొస్తాడు. పేరు రాయను. పోయిన తునికాకు సీజన్ అయిపోయినాక కలిసిండు. చొక్కా భుజాల మీద వేలాడుతున్నది, ప్యాంటుకి బెల్టు బదులు తాడు. అప్పుడు నేను తగ్గే ఊపులో ఉన్నా కదా, కంటికి అదే పిచ్చి. భుజం తట్టి "భలే సన్నబడ్డవ్ తమ్మీ, ఏం తింటున్నవ్, నాకూ చెప్పు" అన్న. వాడు నవ్విండు. ఎండకి ఆకు కోసి కోసి ఇట్లయిన అన్నడు. నేను నమ్మిన. వాడింట్లోవాళ్లూ అదే నమ్మిన్రు. మధ్యమధ్య దగ్గుతుంటే బీడీ దగ్గనుకున్నం. మూడు నెలలకి కళ్లెలో రక్తం పడ్డంక తీసుకుపోతే టీబీ. 54 కిలోల మనిషి 45కి దిగిండు. అప్పటికే చిన్న బిడ్డ కూడా దగ్గుతున్నది.

నాలాంటి 86 కిలోలోడు పది కిలోలు తగ్గితే ఊరంతా ఆపి అడిగింది. 54 కిలోలోడు తొమ్మిది కిలోలు తగ్గితే పని, ఎండ, బీడీ అని మేమే కారణాలు చెప్పుకున్నం. గూడేల్లో మనిషి సన్నగానే ఉంటాడు అనుకుంటాం కాబట్టి ఇంకా సన్నబడ్డది మన కంటికి ఆనదు. అడగాల్సింది బరువెంత తగ్గిందని కాదు, తగ్గాలని ఏమన్నా చేసినవా అని. తిండి మార్చలేదు, పని మార్చలేదు, అయినా మొలతాడు జారుతున్నదంటే, ఆరు నెలల నుంచి ఏడాది లోపల అరవై కిలోల మనిషి మూడు కిలోలు ఊరికే పోగొట్టుకున్నడంటే, పరీక్ష చేయించాల్సిందే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి పక్క తడిసేలా చెమట ఉంటే టీబీ అనుమానం. దాహం ఆగక, రాత్రి నాలుగైదుసార్లు లేస్తూ చిక్కుతుంటే షుగర్. రోజూ తాగి అన్నం మానేసేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు, కాళ్లు చేతులు పుల్లలై పొట్ట ఒక్కటే ఉబ్బితే అది బలుపు కాదు, లివర్.

కళ్లె పరీక్ష సర్కారు దవాఖానాలో ఉచితం, మందులూ ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలలు. మందు వాడినన్నాళ్లు నెలకి వెయ్యి రూపాయలు తిండికి బ్యాంకులో పడతాయి, 2024 నవంబరు దాకా ఐదొందలే ఉండేది. బ్యాంకు ఖాతా సరిగ్గా లేక ఆ డబ్బులు పడనివాళ్లుంటారు, ఆశా అక్కను అడిగి సరిచేయించండి.

ఆ తిండి డబ్బుని చిన్నగా చూడొద్దు. మనలాంటి అడవి ప్రాంతమే అయిన జార్ఖండ్‌లో టీబీ ఉన్నవాళ్లకి నెలకి పది కిలోల తిండి సామాన్లు ఇచ్చి చూశారు, ఇంట్లోవాళ్లకి బియ్యం, పప్పు ఇచ్చారు. 2023లో ఫలితం వచ్చింది. తిండి అందిన ఇండ్లల్లో మిగతావాళ్లకి టీబీ అంటుకోవుడు నూటికి 39 వంతులు తగ్గింది. మందు మొదలైన రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినోళ్లకి చావు ముప్పు అరవై శాతం తక్కువగా ఉంది. అంటే ఒకరికి మొలతాడు జారితే బాగు, ఇంకొకరికి బిగిస్తే బాగు.

వాడి మందులకి రెండు నెలలు నిండినయ్. నేను వారానికి రెండు డజన్ల గుడ్లు, కందిపప్పు పంపుతున్నా, గొప్పకి చెప్పట్లేదు, ఆ భుజం తట్టిన చెయ్యి నాదే కాబట్టి. బిడ్డకీ పరీక్ష చేయించిన్రు, టీబీ లేదన్నరు, రాకుండా మందు ఇచ్చిన్రు. మొన్న మా కల్లం కాడికి వచ్చిండు. పత్తి తూకమేసే కాటా ఖాళీగా ఉంటే చెప్పులు విప్పి తనే ఎక్కిండు. 49 చూపించింది. దిగి, ప్యాంటుకి కట్టుకున్న తాడు విప్పి మళ్లీ వదులుగా కట్టుకున్నడు.