బడికి ముందు పల్లెవెలుగు

డిగ్రీ పట్టా చేతికి రాగానే వీపున ఒక సంచి తగిలించుకుని బ్యాంకాక్‌లో దిగడం, ఖావోశాన్ వీధిలో చవక గది వెతుక్కోవడం, రాత్రి రైలెక్కి చియాంగ్‌మాయ్ చేరడం, అక్కడి నుంచి దక్షిణాది దీవుల దాకా బస్సుల్లోనూ పడవల్లోనూ తిరగడం, చేతిలో డబ్బు పలచబడే వేళకు 120 గంటల ఇంగ్లిషు బోధన కోర్సులో చేరిపోవడం: ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా కుర్రకారుకు ఇది బాగా నలిగిన దారి. మన రెండో తరం పిల్లలకూ తెలియనిదేమీ కాదు. ఇంగ్లిషు చెప్పబోయేవాళ్లు ముందు ఊళ్లు తిరగాలని ఎవరూ శాసించలేదు. తిరిగితే మేలని వాళ్లకే తోచింది. తెలుగు చెప్పబోయే మనవాళ్ల విషయంలో ఆ ఆలోచన మనకెందుకు రాలేదు? మన సంఘం వారాంతపు తెలుగు బడిలో పాఠం చెప్పడానికి ముందుకొచ్చే యువతీయువకులు, ముఖ్యంగా విదేశంలోనే పుట్టి పెరిగినవాళ్లు, శిక్షణ తరగతిలో కూర్చునే ముందు మూడు నాలుగు వారాలు తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పల్లెవెలుగు బస్సుల్లో తిరిగి రావాలన్నది ఈ సంచిక ద్వారా మేము పెడుతున్న ప్రతిపాదన. వినగానే విహారయాత్రలా అనిపిస్తుంది కనుక కాస్త వివరంగా వాదించాల్సి ఉంది.

థాయ్‌లాండ్ దారిని ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. అందులో ఒక పెద్ద లోటుంది. ఖావోశాన్‌లో గది అద్దె నుంచి నూడుల్స్ దాకా అన్నీ ఇంగ్లిషులోనే దొరుకుతాయి. నెలల తరబడి తిరిగినా నాలుగు థాయ్ మాటలకు మించి నేర్వకుండానే వెనక్కి రావచ్చు. అయినా శ్రద్ధగా తిరిగినవాడికి ఒకటి దక్కుతుంది. రేపు తన ముందు కూర్చోబోయేవాళ్లు ఏ బజార్లో తిరుగుతారో, పరాయి భాష ఎదురైతే మనిషి నోరెలా పడిపోతుందో అతనికి తెలుస్తుంది. మన పరిస్థితి దీనికి తలకిందులు. మన విద్యార్థుల గురించి మనకు కొత్తగా తెలియాల్సింది లేదు, వాళ్లు మన ఇళ్లలోని పిల్లలే. మనకు దూరమైంది భాష బతికే చోటు. ఇంగ్లిషు పంతులు విద్యార్థిని వెతుక్కుంటూ వెళ్తాడు, తెలుగు పంతులు భాషను వెతుక్కుంటూ వెళ్లాలి. కనుక అక్కడి లోటును మనం హెచ్చరికగా తీసుకోవాలి. రేణిగుంట విమానాశ్రయంలో దిగి, ఏసీ కారులో కొండెక్కి, దర్శనం చేసుకుని, లడ్డూ సంచితో తిరిగొస్తే పుణ్యం రావచ్చు గానీ తెలుగు రాదు.

మనకు పుస్తకాల కొరత ఉందని ఎవరూ అనలేరు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 2010, 2017 మధ్య 86 శాతం పెరిగిందని ఆ దేశపు జనగణన శాఖ సర్వేల ఆధారంగా లెక్కగట్టారు. ఆ పెరుగుదలతో పాటే బడులూ పెరిగాయి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడికి వాచకాలున్నాయి, తరగతులున్నాయి, పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం గుర్తింపుతో పరీక్షలూ జరిగాయి. మారిషస్‌లోనైతే ప్రభుత్వ పాఠశాలల్లోనే తెలుగు నేర్పుతారు. లోపమంతా చెప్పేవాళ్ల చెవిలో ఉంది. విదేశంలో పుట్టి పెరిగిన ఇరవయ్యేళ్ల ఉపాధ్యాయురాలి తెలుగు ముఖ్యంగా మూడు చోట్ల నుంచి వస్తుంది: వంటిల్లు, సినిమా, అమ్మమ్మ ఫోను. సినిమాలో ఆమె మాట్లాడేది లేదు, మిగతా రెండు చోట్లా ఆమె పెద్దల ముందు చిన్నపిల్ల. బేరమాడే తెలుగు, దారి అడిగే తెలుగు, సీటు కోసం తగవులాడే తెలుగు, ముక్కూమొహం తెలియని పెద్దాయన మాటను నొప్పించకుండా కాదనే తెలుగు ఆమెకు ఎన్నడూ అవసరపడలేదు. గుణింతం ఎలా చెప్పాలో శిక్షణ నేర్పుతుంది. ఈ అవసరాన్ని మాత్రం ఏ శిక్షణా పుట్టించలేదు.

ఇందుకు మన చరిత్రలోనే ఒక సాక్ష్యముంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, కంపెనీ కొలువు కోసం నడిపే కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు చదివాడు, పరీక్ష గట్టెక్కాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు. 1820లో ఆయన్ని కడపకు పంపారు. నేటి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు ఆనాడు ఆ కడప జిల్లాలోవే. కచేరీలో రైతు గొడవలూ అర్జీలూ వింటూ, పండితులకు సొంత డబ్బు ఇచ్చి తాళపత్రాలు శోధింపజేస్తూ నేర్చుకున్న తెలుగే ఆయన్ని నిఘంటుకారుణ్ని చేసింది. 1852 నాటి తెలుగు ఇంగ్లిషు నిఘంటువు గురించి అందరికీ తెలుసు. 1854లో ఆయన మరొకటి వేశాడు. తెలుగువాళ్ల నోట కలగలిసిపోయిన అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు. పండితులు ముట్టని ఆ మాటలు కచేరీ మెట్ల మీద వినిపించేవి. చివరికి కొలువు చాలించి లండన్ చేరాక, 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. దేశం కాని దేశంలో తెలుగు చెప్పే పని ఆయన జీవితంలో అన్నిటికన్నా చివర వచ్చింది. మూడు దశాబ్దాలు వినమని మేము ఎవరినీ అడగడం లేదు, మూడు వారాలు చాలు. వరస మాత్రం అదే ఉండాలి.

ఇన్ని జిల్లాలుండగా చిత్తూరే ఎందుకని కోస్తా, తెలంగాణ మిత్రులు అడుగుతారు. ఈ జిల్లా పుట్టుకే అతుకుల పుట్టుక. 1911లో ఉత్తర ఆర్కాడు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని, పుంగనూరు, శ్రీకాళహస్తి, కార్వేటినగరం వంటి జమీందారీలు కొన్ని కలిపి కట్టారు. 1960లో సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటొచ్చాయి. 2022లో మళ్లీ చీలి తిరుపతి వేరు జిల్లా అయింది. గీతలు ఎన్నిసార్లు జరిగినా జనం నోళ్లు జరగలేదు. నగరి, పుత్తూరు వైపు తమిళం, పలమనేరు, కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం, మదనపల్లెలో ఉర్దూ తెలుగుతో భుజాలు రాసుకుంటాయి. మూడు రాష్ట్రాల కూడలి కాబట్టే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే బడిలో ఇంగ్లిషు వెనకబడుతుందేమోనని మన సభ్యుల్లో చాలామంది ఇప్పటికీ భయపడతారు. కుప్పం బస్టాండులో టీ కొట్టు నడిపేవాడు ముగ్గురు గిరాకీలకు మూడు భాషల్లో జవాబిచ్చి చిల్లర లెక్క తప్పకుండా తిరిగిస్తాడు. అది కళ్లారా చూసిన ఉపాధ్యాయురాలు తల్లిదండ్రుల సమావేశంలో ఆ భయానికిచ్చే జవాబు, పరిశోధన పత్రం చదివి ఇచ్చే జవాబు కన్నా గట్టిగా ఉంటుంది.

అసలు కారణం ఇంకా ముందుంది. ఈ ప్రాంతంలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఏటా భారతం జరుగుతుంది. గుడి దగ్గరి మైదానాన్ని భారతం మిట్ట అంటారు. చాలా చోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవారే దాకా వీధినాటకం. అర్జున తపస్సు నాడు వేషధారి పద్యాలు పాడుతూ ఎత్తయిన తపసు మాను ఎక్కుతాడు. సంతానం కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి వరపడతారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయల కోసం జనం చేతులు చాస్తారు. ఆఖరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ విగ్రహం, దాని చుట్టూ భీముడి వీరంగం, సాయంత్రం అగ్నిగుండం. వేడుకగా చూసినా గొప్పదే. భాష చెప్పబోయేవాళ్లు గమనించాల్సింది వేరే ఉంది. పగలు హరిదాసు చెప్పిన కథే రాత్రి వేషం కట్టి వస్తుంది. రాగం తీసి పాడిన పద్యానికి వెంటనే వచనంలో అర్థం వస్తుంది, ఆ వచనాన్ని హాస్యగాడు ఊరి మాటల్లోకి దించి నవ్విస్తాడు. ఒకే సంగతి మూడు మెట్ల తెలుగులో, ఒకే రాత్రి, ఒకే జనానికి. ముందు వరసలో కునికిపాట్లు పడే ఎనిమిదేళ్ల పిల్లాడికి హాస్యగాడి మాట అందుతుంది, వాడి తాతకు పద్యం అందుతుంది, ఇద్దరూ కథలోనే ఉంటారు. మన వారాంతపు తరగతిలో ఆరేళ్ల పిల్ల, పన్నెండేళ్ల పిల్లాడు, తెలుగు బాగా వచ్చినవాడు, అసలు రానివాడు ఒకే గదిలో కూర్చున్నప్పుడు పంతులమ్మకు తోచని ఉపాయం ఆ మిట్ట మీద ఉంది.

అదే చిక్కును బడి పద్ధతిలో విప్పినవాళ్లూ దగ్గరే ఉన్నారు. మదనపల్లె పక్కన రిషి వ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల్లో ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలుంటారు. వాళ్ల కోసం వాచకాలను విడగొట్టి కార్డులుగా చేశారు, వాటిని నిచ్చెనలా వరుస కట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో ఆ పిల్లకే తెలుస్తుంది, ఎక్కడ ఆగిందో మళ్లీ అక్కడే అందుకుంటుంది. తమిళనాడు సర్కారు బడుల్లో తెచ్చిన కృత్య ఆధారిత బోధనకు ప్రేరణ ఇదే. మన బడులు ఖండాంతరాల నుంచి పద్ధతులు అరువు తెచ్చుకుంటూ, తెలుగులోనే తయారైన ఈ పద్ధతి వైపు తలెత్తి చూడకపోవడం వింతగానే ఉంది. ముందుగా రాసి, అనుమతి దొరికితే ఒక రోజు చూసి రావడం ఈ ప్రయాణంలో భాగం కావాలి.

ఇక శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డల మీద బొమ్మల కింద వెదురు కలంతో రాసిన తెలుగు వరుసలున్నాయి. తిరుపతిలో మే నెల ప్రాంతంలో గంగజాతర, అందులో మగవాళ్లు కట్టే ఆడవేషాలు, వేషం పేరిట అనుమతి ఉన్న బూతులు (వీటిని పాఠ్యప్రణాళికలో చేర్చమని మేము అనడం లేదు). తిరుమలలో వైకుంఠం క్యూ కంపార్టుమెంటుకైతే పోలికే లేదు. గంటల తరబడి కదలని ఆ గదిలో శ్రీకాకుళం, ఆదిలాబాదు, నెల్లూరు, అనంతపురం యాసలన్నీ ఒకే పాల గ్లాసు గురించి మాట్లాడుకుంటాయి. ప్రత్యేక దర్శనం టికెట్టు కొన్నవాళ్లకు ఆ భాగ్యం తక్కువ.

దీనికి పండితుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం, పిల్లలకు ముందు ప్రామాణిక భాష నేర్పాలి గానీ మాండలికం కాదు కదా అని. నిజమే, యాస నేర్పమని మేమూ అనడం లేదు. తరగతిలో బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఒక పిల్ల ఉల్లిపాయ అంటుంది, మరొకతె ఇంట్లో విన్నట్టు ఎర్రగడ్డ అంటుంది. ఒక్క వాచకమే తెలిసిన పంతులమ్మ రెండోది తప్పని కొట్టేస్తుంది. ఆ కొట్టివేతతో పిల్ల ఇంటి భాషే తప్పన్నమాట అవుతుంది. చిత్తూరు సంతలో కూరగాయలు కొన్న పంతులమ్మ అలా కొట్టేయదు. మాండలికం సాహిత్యానికి పనికిరాదనే మాటకు ఈ గడ్డే జవాబు చెప్పింది. నామిని సుబ్రమణ్యం నాయుడు తన ఊరు మిట్టూరు మాటల్లోనే కథలు రాసి రాష్ట్రమంతటి చేతా చదివించాడు. దామలచెరువులో పంతులుగా ఉన్న మధురాంతకం రాజారాం కథలకు 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మనలాంటి వలసజీవులు మరీ గుర్తుంచుకోవాల్సింది డాక్టర్ కేశవరెడ్డిని. ఉద్యోగరీత్యా నిజామాబాదు వైపు డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ ఏళ్ల తరబడి ఉండిపోయినా, ఆయన నవలల్లోని మనుషులు ఎక్కువగా చిత్తూరు జిల్లా పల్లెల్లోనే తిరిగారు, అక్కడి మాటే మాట్లాడారు.

సొంత ఊరికే వెళ్తే సరిపోదా అనేది మరో ప్రశ్న. సొంత ఊళ్లో మన పిల్లలు అతిథులు. ఇన్నోవా వస్తుంది, పెద్దమ్మ వండి పెడుతుంది, బావలు ఇంగ్లిషులో పలకరిస్తారు, పెళ్లి వీడియోతో సెలవు అయిపోతుంది. చుట్టాలు లేని చోట భాష ఒక్కటే దిక్కు. యూట్యూబులో అన్ని యాసలూ వినొచ్చు కదా అంటారు. వినొచ్చు, కానీ యూట్యూబు తిరిగి ప్రశ్న వేయదు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే బస్సులో పక్క సీటు పెద్దమ్మ వేస్తుంది. యాడికి పోతా ఉండావు, ఏ ఊరు మీది, ఎంతమంది అన్నదమ్ములు, పెండ్లి అయిందా. అన్నిటికీ జవాబు చెప్పి తీరాలి. అంత ఓపికగల సంభాషణ పరీక్షకురాలు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం, పల్లెజనం మన పిల్లల పాఠానికి బొమ్మలా అనేది. డాలరు సంచి భుజాన వేసుకుని పోయి, సంగటి ముద్దను ఫొటో తీసి, ఊరిబిండి రుచి గురించి నాలుగు వాక్యాలు రాసి రావడం కన్నా వెళ్లకపోవడమే మర్యాద. అందుకే కొన్ని కట్టుబాట్లు అవసరం. అడగకుండా ఎవరి గొంతూ రికార్డు చేయకూడదు, గుడిలో, గుండం దగ్గర ఫోను బయటికి తీయకూడదు, భోజనం పెట్టిన ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదు. ఆడపిల్లల భద్రత గురించిన ఆందోళనను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, తిరుపతిలోనో మదనపల్లెలోనో గది పెట్టుకుని పగటి బస్సుల్లో తిరగాలి, నాటకం చూసే రాత్రి ఊళ్లో తెలిసిన కుటుంబం ఉండాలి. ఆ ప్రాంతం నుంచి వచ్చిన మన సభ్యులు ఇలాంటి కుటుంబాలను చూపించగలరు. వీటివల్ల స్వేచ్ఛగా తిరగడంలోని సరదా సగం పోతుందని కుర్రవాళ్లు అంటే, పోతుందనే ఒప్పుకుంటాం.

ఖర్చు మాట ఎత్తేవాళ్లకు ఒక్క సంగతి. పెళ్లిళ్లకీ పరీక్షల సెలవులకీ విమానం టికెట్టు ఎలాగూ కొంటున్నాం, ఆ తరవాత పల్లెవెలుగు చార్జీలు లెక్కలోకి రావు. ఇది ఎవరికీ నిబంధన కాదు, వెళ్లలేనివాళ్లను బడికి తీసుకోకపోవడమూ ఉండదు. భారతాలు వేసవిలో మొదలై వానలు పడేదాకా ఒక ఊరి తరవాత ఒక ఊళ్లో సాగుతాయి, మన కళాశాలలకు సెలవులూ అప్పుడే. ఏ ఊళ్లో ఎప్పుడో ఇంటర్నెట్‌లో వెతికినా సరిగా దొరకదు. చిత్తూరు బస్టాండు గోడల మీద పోస్టర్లుంటాయి. చదవడం రాకపోతే పక్కవాళ్లను అడగాలి.